పక్క సీట్లో నవ్వు

ఏ వస్తువునైనా విప్పి చూస్తే తప్ప గోపికకు తోచదు. ఏడేళ్ళప్పుడు ఇంట్లో మిక్సీ విప్పేసింది. తిరిగి బిగించాక మూడు మరలు మిగిలిపోయాయి, మిక్సీ మాత్రం శుభ్రంగా తిరిగింది. మరి ఆ మూడూ ఎందుకు పెట్టినట్టు అని వాళ్ళ నాన్న నవనీతకృష్ణన్ ప్రాణం వారం రోజులు తోడేసింది. ఆయన కోయంబత్తూరు పక్క తుడియలూరులో పంపులు చేసే వర్క్‌షాపులో మేస్త్రీ. మొరాయించిన మోటారుకైనా సమాధానం చెప్పగలడు గానీ కూతురికి చెప్పలేడు. అంత ఆరా తీసే పిల్ల, నాలుగేళ్ళు పక్కన కూర్చున్న స్నేహితురాలిని అడగాల్సిన ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. మనుషులం ఇంతే! ఊరందరి సంగతీ కావాలి మనకు, పక్కమనిషి సంగతి తప్ప.

ఇప్పుడు గోపికకు ఇరవై రెండు. ఇంజనీరింగు అయిపోయి ఎనిమిది నెలలైంది, ఉద్యోగం లేదు. సరే, కోయంబత్తూరులో ఉద్యోగం లేనిది ఆమె ఒక్కదానికేనా? ఆమెను తినేస్తున్నది అది కాదు. కాలేజీలో నాలుగేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్న షణ్ముగప్రియ మూడు నెలలుగా ఆమెతో మాట్లాడడం లేదు. ఫోన్ చేస్తే ఎత్తదు. మెసేజ్ పెడితే చూస్తుంది, చూసినట్టు నీలం గీతలు పడతాయి, జవాబు రాదు. పోట్లాడుకున్నది లేదు, మాటామాటా అనుకున్నది లేదు. ఎందుకు మానేసింది? చెప్పులో రాయిలా ఆ ప్రశ్న నడవనివ్వడం లేదు.

ఒక్కటి మాత్రం తెలుసు. ఇద్దరూ కలిసి ఒక పంపుల కంపెనీలో ఇంటర్వ్యూకు వెళ్ళిన రోజు నుంచే ఆ మౌనం మొదలైంది. ఉద్యోగం, గోపిక ఇంటి మాటలో వేలై, ప్రియకు వచ్చింది, గోపికకు రాలేదు. "వేలై వచ్చిందో లేదో, కళ్ళు నెత్తికెక్కినాయి దానికి" అని గోపిక తీర్మానించుకుంది. తీర్మానమైతే చేసింది గానీ మనసు దానికి వేలిముద్ర వెయ్యలేదు. పరీక్ష రోజున తన కాలిక్యులేటర్ గోపికకిచ్చి చేత్తో లెక్కలు వేసుకున్న పిల్ల ప్రియ. అలాంటి వాళ్ళ కళ్ళు అంత తొందరగా నెత్తికెక్కవు.

ఇలాంటివి చెప్పుకోవడానికి గోపికకు ఫోన్‌లో ఒక గుంపు ఉంది. పంతొమ్మిది మంది. ఒకరి ముఖం ఒకరు ఎరగరు. మదురై, తేని, కోయంబత్తూరు వైపు తెలుగిళ్ళ వాళ్ళు. వందల ఏళ్ళ కిందట వచ్చి స్థిరపడ్డ వాళ్ళ సంతానం కాబట్టి ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. తెలుగు అక్షరం చూస్తే జిలేబీ చుట్టలనుకునే వాళ్ళే ఎక్కువ. అందుకే ఆ గుంపులో రాతలు లేవు, అన్నీ గొంతులే. ఇంకో నియమం, పేరు గానీ ఇంటిపేరు గానీ చెప్పకూడదు. ఇంటిపేరు బయటపడితే రెండో ఫోన్‌కల్లా ఎవరో మేనత్త దొరుకుతుంది, మూడో ఫోన్‌కు మీకు ఉద్యోగం రాని సంగతి కల్యాణ మండపంలో భోజనాల బంతిలో నడుస్తుంటుంది. కాబట్టి అందరికీ ఊళ్ళే పేర్లు.

మేలూరు అక్క మాట్లాడుతుంటే వెనక కుట్టుమిషన్ గడగడలాడుతుంది. మాట్టుతావణి అన్న కూరగాయల మండీలో ఉంటాడు. ఆయన గొంతు వెనక మూటలు దించేవాళ్ళ కేకలు, ఆటోల హారన్లు, ఎవరో ఎవరినో మునక్కాడల కట్ట గురించి తిట్టే తిట్లు. గోపిక ఆ శబ్దాలను బట్టి మనుషులను ఊహించుకునేది. అక్కకు కళ్ళద్దాలుంటాయనీ, అన్నకు బొజ్జ ఉంటుందనీ నిర్ణయించేసింది. అడిగితే ఇద్దరూ నవ్వారు గానీ అవునని గానీ కాదని గానీ చెప్పలేదు.

ఆ రోజు పొద్దున అక్కే ముందు పలకరించింది.

"ఏమి తుడియలూరు అమ్మిణీ, ఈ వారం ఎన్ని చోట్ల వేస్తివి?"

"మూడు చోట్ల అక్కా. ఒక్కరూ పిలవలేదు."

"పిలుస్తారు సామీ. అయితే నీ గొంతులో ఉండేది అది కాదు. ఆ స్నేహితురాలి సంగతే కదా?"

"అవునక్కా. నేనేమి తప్పు చేసినానో చెప్పనన్నా చెప్పొచ్చు కదా!"

"వదిలెయ్ అమ్మిణీ. వేలై దొరికినాక మారిపోయేవాళ్ళు ఊరికి పదిమంది ఉండారు. ఏడ్చి ప్రయోజనం ల్యా" అంది అక్క.

ఈ ముచ్చటంతా విని మాట్టుతావణి అన్న మధ్యలో దూరాడు. "ఇరు ఇరు, ఉండక్కా. అమ్మిణీ, ఆ ఇంటర్వ్యూ నాడు ఏమేమి జరిగెనో మొదటి నుంచి చెప్పు."

"ఆ పొద్దే బస్సులోనుంచి అంతా మీకు చెప్తిని కదన్నా. గుంపులోనే పైకి పోయి ఆ పాత మాట వినండి" అంది గోపిక విసుగ్గా. చెప్పిందే చెప్పాలంటే ఎవరికైనా విసుగే.

అన్న నిజంగానే విన్నాడు. మధ్యాహ్నం జవాబు పంపాడు, ఎప్పుడూ లేనిది మెల్లగా మాట్లాడుతూ.

"అమ్మిణీ, నీ బస్సు మాట మూడు తూర్లు విన్నాను. లారీ వచ్చేదాకా నాకు వేరే పని ల్యా. అందులో నువ్వు కండక్టర్ని ఏదో అంటావే, ఆడ ఒకరు నవ్వుతారు. ఆడపిల్ల నవ్వు. నీది కాదు, నువ్వు మాట్లాడుతుండగానే నవ్వింది. ఈ సంత రొదలో గొంతులు వేరు చేసేదే నా బతుకు, నా చెవి తప్పు చెప్పదు. కోయంబత్తూరు టౌన్ బస్సులో తెలుగు మాటకు నవ్వేది ఎవరమ్మా?"

గోపిక లేచి ఇయర్‌ఫోన్ వెతుక్కుంది.

ఇక్కడ మనవాళ్ళ పాత అలవాటొకటి చెప్పుకోవాలి. తమిళ దేశంలో తెలుగంటే మనకు కొంగుచాటు మాట. బట్టల కొట్లో నిలబడి "రంగు వెలిసేట్టు ఉండాది, పోదాం పా" అని కొట్టువాడి ముఖం మీదే అనేస్తాం. ఇంటికొచ్చిన పరాయివాళ్ళను తమిళంలో తేనె పూసి పలకరిస్తాం, ఆ నోటితోనే పక్కకు తిరిగి తెలుగులో వాళ్ళ ముక్కు వంకరని చెప్పుకుంటాం. వాళ్ళకు అర్థం కాదని అంత ధీమా! ప్రియది తమిళ కుటుంబం. కాలేజీ రోజుల్లో వారానికి మూడు సాయంత్రాలు గోపిక ఇంట్లోనే తిని, చదువుకుని వెళ్ళేది. ఆ నాలుగేళ్ళూ గోపిక ఆమెతో ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదు. ఆమె ముందు మాత్రం తెలుగు ఎప్పుడూ ఆగలేదు.

గోపిక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని తన మాటే తాను విన్నది.

"ఈ కండక్టర్ని చూడండక్కా, ఎక్కేవరకు పెళ్ళికి పిలిచినట్టు పిలుస్తాడు, ఎక్కినాక సవతి కొడుకుని చూసినట్టు చూస్తాడు..." అక్కడ ఉంది నవ్వు. సరిగ్గా సవతి కొడుకు దగ్గర, పుసుక్కున. కండక్టర్ వేషాలకే నవ్విందేమో అని గోపిక తనకు తాను సర్దిచెప్పుకోబోయింది. ఈలోపల ఫోన్‌లో తన గొంతే కొనసాగింది.

"...పక్కన నా ఫ్రెండ్ ఉండాది. పావం, దీనికి ఈ వేలై వచ్చేది ల్యా. నాలుగు మాటలు ఇంగ్లీషు చేర్చి మాట్లాడలేదు. సరే, జాలిపడి నేనే పిలుచుకొస్తిని. నాకు వచ్చినాక దీన్ని ఎట్లా ఓదార్చేదో, అదే నా దిగులు అక్కా."

ఆ తర్వాత నవ్వు లేదు. బస్సు హారన్ మాత్రం ఉంది. ఆ వెంటనే ప్రియ లేచి ఒక ముసలామెకు సీటు ఇచ్చి, ముందుకు వెళ్ళి కమ్మీ పట్టుకుని నిలబడిన సంగతి గోపికకు గుర్తొచ్చింది. ఎంత మంచిదో అనుకుంది అప్పుడు. ఎంత తెలివితక్కువ దాన్నో అనుకుంది ఇప్పుడు.

ఒక్క మర ఊడితే ఆగే పిల్ల కాదు కదా, వెనక్కి వెనక్కి తిప్పుకుంటూ పోయింది. రెండో సంవత్సరంలో ఒక సాయంత్రం. అవ్వ జానకమ్మాళ్ పెనం దగ్గర, వీళ్ళిద్దరూ కంచాల ముందు. ప్రియ మూడో దోసె తింటోంది. అవ్వ గోపికతో తెలుగులో, నవ్వుముఖం పెట్టుకునే అంది: "చూడే, మూడోది ముగియలేదు, నాలుగోదానికి చూస్తుండాది. ఈ పిల్లది కడుపా, వడ్ల గాదెనా?" వెంటనే ప్రియ వైపు తిరిగి తమిళంలో, ఇంకొకటి వేయనా కన్నూ అని తియ్యగా అడిగింది. ప్రియ చాలు పాట్టి అని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ రోజు తర్వాత ఆ ఇంట్లో ప్రియ రెండు దోసెలకు మించి తినలేదు. రెండోది అవగానే చెయ్యి అడ్డం. సన్నబడాలని చూస్తున్నావా అని గోపిక ఏడిపించేది కూడా. ఛీ, అనుకుంది గోపిక. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వంటింట్లో అవ్వ సాంబారుకు చిన్నుల్లిపాయలు ఒలుస్తోంది.

"అవ్వా, ప్రియకు తెలుగు తెలుసు."

అవ్వ చెయ్యి ఆగిపోయింది. "ఎవరు చెప్పిరి?"

"ఎవరూ చెప్పలేదు. విప్పి చూస్తే తెలిసింది."

"అయ్యో నా కర్మమా! మీ అత్త కోడలి సంగతి, మీ నాన్న పొగతాగే సంగతి, అంతా దాని ముందరే కదే చెప్పుకొంటిమి! ఇంటి గుట్టు లంకకు చేటు అని ఊరికే అన్నారా!" అవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆవిడ బెంగ ఆవిడది.

"గుట్టు పోతే పోనీ అవ్వా. దోసెల నాడు నువ్వేమన్నావో గుర్తుందా?" అని గోపిక ఆ సాయంత్రాన్ని మాట పొల్లు పోకుండా చెప్పింది. బస్సులో తాను అన్నది కూడా చెప్పింది, దాచుకోలేదు.

అవ్వ చేతిలో ఉల్లిపాయ పళ్ళెంలో పడేసింది. "అన్నం ముందర కూర్చున్న బిడ్డను అనేస్తినే" అంది. "నా నోరు పడిపోను. నువ్వు అన్నదీ నా దగ్గర నేర్చిందే కదా."

గోపిక గుంపులో సంగతంతా చెప్పి, ఏమని మాట్లాడాలో అడిగింది. మేలూరు అక్క మిషన్ ఆపేసి మాట్లాడింది. "పొద్దున వదిలెయ్ అని చెప్పింది నేనే, బుద్ధిల్యాక చెప్తిని. కారణాలు చెప్పొద్దు అమ్మిణీ. తప్పు అని చెప్పు, నిజం చెప్పు, అప్పురం, ఆ తర్వాత, నోరు మూసుకో." అన్న మాత్రం ఇంత అన్నాడు: "తెలుగులో చెప్పమ్మా. ఆ పిల్లతో ఒక్క తూరి అయినా తెలుగులో మాట్లాడు."

గోపిక మూడుసార్లు మాట్లాడి మూడుసార్లూ తుడిపేసింది. నాలుగోది పంపింది.

"ప్రియా, బస్సులో నేను చెప్పినది నీకు అర్థమైనాదని ఇప్పుడే తెలిసింది. అది తప్పు. జాలిపడి పిలుచుకొస్తినని చెప్తిని చూడు, అది అబద్ధం. ఒంటిగా పోవాలంటే నాకు భయం. తోడు కావలసింది నాకే. నన్ను మన్నించు."

నీలం గీతలు పడ్డాయి. ఆ రోజు జవాబు లేదు. మర్నాడూ లేదు. గోపిక ఇంకో రెండు కంపెనీలకు దరఖాస్తు పెట్టింది, అడ్రసు తప్పు రాసి మళ్ళీ పెట్టింది, ఫోన్ మోగితే ఉలిక్కిపడింది. ఫోన్ చేసింది సిమ్ కార్డు కంపెనీ వాళ్ళు. నోటికొచ్చిన తిట్లన్నీ వాళ్ళకే పెట్టింది.

మూడో రోజు సాయంత్రం ప్రియ గొంతు వచ్చింది. తెలుగులో! అదీ ఎలాంటి తెలుగు? అచ్చంగా అవ్వ తెలుగు. అవ్వ దీర్ఘాలు, అవ్వ విరుపులు, పదాల మధ్య తడుముకోవడం మాత్రం ప్రియది.

"గోపీ, రెండో సంవత్సరంలోనే నాకు అంతా అర్థమవుతుండె. చెప్దామనుకొంటిని. చెప్తే మీరు నా ముందర మాట్లాడేది ఆపేస్తిరంటే? మా ఇంట్లో ఎవరూ అట్ల కూర్చొని మాట్లాడుకోరు. మీరు సండ వేసుకొని కొట్లాడేది, అవ్వ మీ నాన్నను తిట్టేది, అంతా నా ఇల్లు మాదిరే ఉండె నాకు. ఒకటీ రెండూ మాటలు నా మీద పడినా పరవాల్యా అని ఊరుకొంటిని. బస్సులో నువ్వు చెప్పింది అట్ల ఊరుకొనే మాట కాదు. ఆ కోపంలోనే లోపలికి పోయి తమిళంలోనే పటపటా జవాబు చెప్తిని, వేలై ఇచ్చేసిరి. కోపం ఇంకా ఉండాది. నిజం చెప్తివి కాబట్టి ఆదివారం వస్తాను. అవ్వకు చెప్పు, నాకు మూడోది కావాలి."

గోపిక ఏడ్చింది, నవ్వింది, అవ్వ దగ్గరికి పరుగెత్తి స్పీకర్ పెట్టి వినిపించింది. అవ్వ రెండుసార్లు విన్నది. "దాని నోట్లో నా మాటే ఉండాదే!" అని ముక్కున వేలేసుకుంది. తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఆ ఫోన్ ఇటు తే, ఎక్కడ ఒత్తేది అని అడిగింది.

ఆ నాలుగేళ్ళూ ప్రియతో తమిళం తప్ప మాట్లాడని ముసలావిడ ఫోన్‌ను నోటికి ఆనించి పట్టుకుంది.

"అమ్మిణీ, నేను అవ్వను. నాలుగోది పోసేదాకా కంచం మీద చెయ్యి పెట్టినావంటే చూడు, ఆ చెయ్యి మీదే పోస్తాను."