అత్తయ్య రోలూ, అట్రిషన్ అనే మాటా

మొన్న అన్నాల దగ్గర మా కోడలు, మా రాయపూర్‌లోనే భన్‌పురి పేటలో తను పనిచేసే ఆఫీసులో అట్రిషన్ మరీ ఎక్కువైపోయిందనీ, వెళ్లినవాళ్ల చోట కొత్తవాళ్లు రావడం లేదనీ విసుక్కుంది. ఏళ్ల తరబడి పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన నాకు ఆ మాట చెవిన పడగానే, రాయపూర్ ఛత్తీస్‌గఢ్‌కు రాజధాని అయిన కొత్తల్లో మా మేనత్త చేసిన ఘనకార్యం కళ్లముందు కదిలింది.

అత్తయ్య నర్సు. కోస్తా నుంచి ఉద్యోగానికి వస్తూ రైల్లో రుబ్బురోలు వెంట తెచ్చుకున్న మనిషి. ఆదివారం మధ్యాహ్నం మా చర్చిలో జరిగే తెలుగు ఆరాధనంటే ఆమెకు ప్రాణం. రైల్వేవాళ్లు బదిలీల మీదా, రిటైరైనవాళ్లు సొంతూళ్లకూ ఒక్కొక్కరే వెళ్లిపోగా బెంచీలు ఖాళీ అయ్యాయి. చివరికి పాస్టరుగారు, ఇది అట్రిషనండీ, ఎవరి తప్పూ కాదు, వచ్చే ఆదివారం చెప్పేసి ఆపేద్దాం అన్నారు.

ఆ సాయంత్రం గారెలకు పిండి రుబ్బుతూ అత్తయ్య ఆ మాటకు అర్థమేమిటని నన్నడిగింది. ఇంగ్లీషు మాస్టరుకు అంతకన్నా పండగేముంటుంది! లాటిన్‌లో అది రాపిడి అనీ, ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో శిక్షకు జడిసి పడే పశ్చాత్తాపానికి వాడారనీ, దేవుడి మీద ప్రేమతో పడే పశ్చాత్తాపం కన్నా దాన్ని ఒక మెట్టు తక్కువగా చూసేవారనీ, తర్వాత పళ్లు అరగడానికీ, యుద్ధంలో శత్రువును కొద్దికొద్దిగా అరగదీయడానికీ పాకి, చివరికి ఆఫీసుల్లో మనుషులు తగ్గిపోవడం దగ్గర తేలిందనీ ఏకధాటిగా చెప్పుకుపోయాను. అత్తయ్య పొత్రం ఆపనేలేదు.

“రాపిడేగా? అరిగితే అరగనీరా, పిండొస్తోంది చూడు. శనివారం ఇంకో గిన్నెడు పప్పు నానబోస్తా. నువ్వు పాటలు హిందీ అక్షరాల్లో రాసిపెట్టు, బస్,” అంది.

రాసిపెట్టాను. ఆదివారం పాస్టరుగారు ఆ కబురు చెప్పడానికి వచ్చేసరికి, అత్తయ్య వార్డులోని ఛత్తీస్‌గఢీ నర్సులూ ఆయాలూ బెంచీల నిండా కూర్చుని ఉన్నారు. మన గారెలు వాళ్లు పండక్కి వండుకునే మినప బరాలకు దగ్గరి చుట్టాలే కాబట్టి పిలవగానే వచ్చారని నేను వేళాకోళం చేశాను గానీ, అత్తయ్య పిలిస్తే ఉత్త మంచినీళ్లకైనా వచ్చేవారు. హిందీ అక్షరాలు చూస్తూ వాళ్లు తెలుగు పాట అందుకుంటే ఒళ్లు పులకరించింది. పాస్టరుగారు చెప్పదలచుకున్నది మింగేసి, తానూ గొంతు కలిపారు. అత్తయ్య ఓపిక ఉన్నన్నాళ్లూ ఆ ఆరాధన సాగింది.

ఇప్పుడు అత్తయ్య లేదు. నున్నగా అరిగిన రోలు మా వరండాలో ఉంది, గారెల పిండి మిక్సీలో తిరుగుతోంది. తెలుగు ఆరాధన పోయి, హిందీ ఆరాధనలో నెలకొక తెలుగు పాట మిగిలింది. మొన్నటి ఆదివారం ఆ పాట రెండో చరణంలో అత్తయ్య గుర్తొచ్చి పాటల పుస్తకం మూసేశాను. వెనక బెంచీల్లోని ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లు మాత్రం అచ్చం అత్తయ్య సాగదీసినట్టే సాగదీస్తూ పాట పూర్తి చేశారు. అక్కడ తెలుగు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, మధ్యలో ఆపేసిందీ నేనొక్కణ్ణే.