అమ్మ ఫోన్ పిన్ నరేష్‌కు తెలుసట

ఈ రోజు పొద్దున అమ్మ ఫోన్ రీచార్జ్ చేద్దామని డబ్బు కట్టే యాప్ పిన్ అడిగాను. చెప్పలేదు.

"కొడుకు అడిగినా చెప్పొద్దని నువ్వే అంటివి గదరా!"

నిజమే. ఆన్‌లైన్ మోసాల మీద కరపత్రాలు చదివి, హవేలిఘనపూర్ దాకా పోయి పంచినవాణ్ణి. పొంగిపోయాను.

అంతలో అమ్మ ఫోన్ పట్టుకుని మా వాడకట్టులోని నరేష్ మొబైల్ షాపుకు బయల్దేరింది. వెంట వెళ్లాను. నరేష్ నా క్లాస్‌మేటే. అమ్మను ఏమీ అడగకుండానే పిన్ కొట్టి రీచార్జ్ చేసేశాడు. రేట్లు పెంచిన కంపెనీల మీద రావాల్సిన కోపం కూడా వాడి మీదికే పోయింది.

"ఆనికెట్ల తెలుసమ్మా?"

"ఆడే పెట్టిండు గద. నేను మర్చిపోతే యాది జేస్తడు."

"మరి నేను లేనా?"

"నువ్వు రెండోపారి అడిగితేనే గరమైతవ్. నరేష్ పదిసార్లు అడిగినా 'పెద్దమ్మా' అనుకుంట చెప్తడు."

"కూసోరా, చాయ్ తాగుతవా?" అని వాడు నవ్వాడు. ఒళ్లు మండింది. వాడికి వీపు పెట్టి నిలబడి, అక్కడే అమ్మతో పిన్ మార్పించాను. అమ్మ బుద్ధిగా నొక్కి, వెంటనే కౌంటర్ వైపు తిరిగింది.

"నరేష్ బిడ్డా, కొత్త నంబర్ జర యాదిలో పెట్టుకో" అంటూ షాపులో అందరికీ వినబడేలా ఆ అంకెలన్నీ చెప్పేసింది.

భద్రత సంగతి తర్వాత. వాణ్ణి అంత ప్రేమగా 'బిడ్డా' అనడమెందుకు? మీ అమ్మల పిన్‌లు ఏ నరేష్ దగ్గరున్నాయో కనుక్కుని కింద రాయండి. నేనొక్కణ్ణే కుళ్లుకోవడం అన్యాయం.