సంచిలో కప్పలు, చేతిలో కప్ప

1979 జూన్‌లో, వరంగల్‌లో జంతుశాస్త్ర పరిశోధక విద్యార్థినిగా నా రెండో ఏడు మొదలైంది. నాకు అప్పగించిన పని కప్ప పొట్ట చర్మం. ఇది చెప్పుకోవడానికి అంత గౌరవంగా ఉండదు. హనుమకొండలో మా బట్టల దుకాణానికి వచ్చి ఎవరైనా అడిగితే మా బాపు "సైన్సు సదువుతాంది" అని ఊరుకునేవాడు.

కప్ప నోటితో నీళ్లు తాగదు, పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది. ఆ చర్మంలోని ప్రతి కణానికీ ఒక పల్చటి పొర, ఆ పొరలో ఇమిడి కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. వాటిలో కొన్ని ద్వారాల్లాగా సోడియంకు దారి ఇస్తాయి, మరికొన్ని పంపుల్లాగా దాన్ని లోపలికి తోస్తాయి. చర్మాన్ని రెండు ప్లాస్టిక్ గదుల మధ్య బిగించి, రెండు వైపులా ఉప్పునీరు పోసి మీటరు తగిలిస్తే ఆ పనికి ముల్లు లేస్తుంది. పంపును ఆపే మందు వేస్తే పడిపోతుంది. లేవడం, పడడం రెండూ చూపించగలిగితేనే ప్రోటీన్ పనిచేస్తోందని నమ్ముతారు.

సోమవారం ఆ రెండూ చూడడానికి మద్రాసు నుంచి ఒక ప్రొఫెసర్ వస్తున్నారు. నా ఫెలోషిప్ పొడిగించాలో వద్దో ఆయనే రాయాలి. వద్దని రాస్తే నేను దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలి. రాత్రి డైరీలో నాలుగు పుటలు రాసేదాన్నే కాని, పగలు నాలుగు మాటలు మాట్లాడేదాన్ని కాదు. నన్ను చీరల బేరంలో కూర్చోబెడితే ఏమవుతుందోనని నాకన్నా మా బాపుకే ఎక్కువ భయం. మా గైడు గారికీ నా సంగతి తెలుసు. "ముల్లు నువ్వు చూపించు, మాట నేను చూసుకుంటా" అన్నారు.

ఆ ఏడు తొలకరి జాడ లేదు. కప్పలన్నీ నేలలోకి దిగిపోయాయి. ఆదివారం పొద్దున్నే మా అటెండరు కొమురయ్యను వెంటబెట్టుకుని వర్ధన్నపేట దాటి ఒక ఊరికి వెళ్లాను. పాత మోటబావుల రాళ్ల సందుల్లో వెతికితే తడి గోనెసంచిలోకి కాసిని కప్పలు చేరాయి. ఇక బస్సెక్కుదామనుకునేసరికి రోకలి, వేపమండలు పట్టుకుని ఆడవాళ్లు ఎదురొచ్చారు. ముందున్న మల్లమ్మ అనే పెద్దామె సంచి మీద చెయ్యి వేసింది.

"ఏందిది బిడ్డా?"

నేను కొమురయ్య వైపు చూశాను. "కప్పలవ్వా" అన్నాడు.

"పొద్దుగాల సంది దేవులాడుతానం, ఒక్కటి దొర్కలే. ఊరి కప్పలన్ని మీ సంచిల్నే ఉన్నయా? ఏం జేస్తరు వీటిని?"

"సదువు కోసం."

"కప్పలకు గూడ సదువా? మా పోరగాండ్లకే అబ్బుతలేదు."

అందరూ నవ్వారు. వానలు రానప్పుడు రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిప్పుతారు, ఇంటింటా దాని మీద నీళ్లు పోస్తారు. దాన్నే కప్పతల్లి అంటారు. మల్లమ్మ సంచిలోంచి అన్నింటికన్నా పెద్ద కప్పను తీసి తాడు చేత పట్టింది. చర్మం ఒరుసుకుంటే ఆ కప్ప ఇక నాకు పనికిరాదు. నా నోరు దానంతటదే తెరుచుకుంది. పొట్టకు కట్టొద్దని, అది నీళ్లు తాగేది పొట్టతోనేనని చెప్పాను.

"నోటితోని తాగదా? గిన్నేండ్ల సంది నెత్తిమీద పోస్తానమే" అంది మల్లమ్మ. తర్వాత కప్పను నా చేతుల్లో పెట్టింది. "గంత తెలిసినదానివి, నువ్వే పట్టుకో. జర పదిలం."

అట్లా ఊరేగింపులో నేనే నడిచాను. వద్దంటే సంచే దక్కదని కొమురయ్య చెవిలో చెప్పాడు. ప్రతి గడప దగ్గరా బిందెడు నీళ్లలో సగం కప్ప మీద, సగం నా మీద పడ్డాయి. చివరికి దాని పొట్ట మెత్తటి తడిబట్టలా ఉంది. తిరిగి ఇస్తారేమోనని చూశాను. "మొక్కిన కప్పను కోస్తరా?" అని మల్లమ్మే దాన్ని బావిలో వదిలింది.

అప్పుడు గుర్తొచ్చింది సంచి. కాపలా ఉండాల్సిన కొమురయ్య కప్పతల్లిని చూడడానికి వచ్చేశాడు. సంచి ఎండలో గోడకు ఆని ఎండిపోయి ఉంది. లోపల కప్పలు వడిలాయి, కాని బతికే ఉన్నాయి.

సోమవారం ప్రొఫెసర్ గారి ముందు చర్మం బిగించాను. ముల్లు ఎప్పుడూ లేచేదానికి దాదాపు రెట్టింపు లేచింది. ఉప్పునీరు ఎవరు కలిపారని గైడు గారు గొంతు తగ్గించి అడిగారు. నేను మందు వేశాను. ముల్లు బుద్ధిగా పడిపోయింది. అంటే తప్పు నీటిలో లేదు, లేపింది ప్రోటీనే.

ఈ కప్పలు నిన్న ఎక్కడున్నాయని ప్రొఫెసర్ గారు అడిగారు. మాట చూసుకుంటానన్న గైడు గారికి ఆ సంగతి తెలియదు. అందరూ నా వైపు తిరిగారు. ఎండలో, సంచిలో అని చెప్పాను. మరి మీరెక్కడున్నారన్నారు. ఇంగ్లీషులో కప్పతల్లికి మాట దొరకలేదు. రెండు చేతులూ దోసిలి పట్టి నాలుగడుగులు నడిచి చూపించాను. గుమ్మం దగ్గర నిలబడ్డ కొమురయ్య, "నీళ్లు గిట్ల పోసిండ్రు సార్" అని అభినయించాడు. గైడు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు.

ప్రొఫెసర్ గారు నవ్వలేదు. "అయితే తడిగా ఉన్న కప్ప ఏది? పోల్చి చూడాలిగా" అన్నారు.

"బావిలో ఉంది సార్" అన్నాను.

అప్పుడు నవ్వారు. ఒంట్లో నీరు తగ్గిన కప్ప రక్తంలోకి ఒక హార్మోన్ వదులుతుందని, అది చర్మపు పొరలో మరిన్ని ద్వారాలు తెరిపిస్తుందని, ఆ పెరుగుదల అదే కావచ్చని వివరించారు. ఏడాది పొడిగించి, ఎండిన కప్పలనూ తడి కప్పలనూ పక్కపక్కన పెట్టి చూడమని రాశారు. నా థీసిస్‌లో సగం అదే అయింది.

కొన్నాళ్లకు వాన పడింది. మళ్లీ కప్పల కోసం ఆ ఊరికి వెళ్లిన కొమురయ్య మల్లమ్మ మాట మోసుకొచ్చాడు: "వాన మేం తెచ్చుకున్నం. ఆ పిల్లకు ఏమొచ్చిందో అడుగు."

ప్రోటీన్ మన మీటరు దగ్గరికి రాకముందే తన పని మొదలుపెట్టి ఉంటుంది. ఆ తర్వాత నా దగ్గర చేరిన విద్యార్థులను, ముల్లు ఎంత లేచిందని అడిగే ముందు, నిన్న కప్ప ఎక్కడుందని అడిగేదాన్ని. చాలామందికి తెలిసేది కాదు. తెలుసుకుని రమ్మని పంపేదాన్ని.