చీటీ మీద చందనం బొట్టు

ఎనభయ్యో దశకం మొదట్లో నేను విశాఖలో ఒక ఆసుపత్రికి ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌ని. వార్డులో ప్లగ్గు పెట్టే ప్రతి వస్తువునూ, అది గుమాస్తా టైపు మిషనైనా సరే, నేను మెగ్గరు అనే మీటరుతో పరీక్షించాలి. కరెంటు లీకు లేదని తేలితే ఆకుపచ్చ చీటీ అంటించి సంతకం పెట్టాలి. చీటీ లేనిదాన్ని ఎవరూ వాడకూడదు.

ఒకసారి కొత్త ఎలక్ట్రిక్ టైపు మిషన్ వచ్చింది. ఉదయం పరీక్షిస్తే బాగానే ఉంది. మధ్యాహ్నం చీటీ అంటించబోతూ, అలవాటుగా మళ్ళీ మెగ్గరు పెడితే ముల్లు సున్నాకి పడిపోయింది, అంటే కరెంటు లీకన్నమాట. ప్లగ్గు తిప్పి చూశాను. మూడు పిన్నుల మధ్యా తడి చందనం! సింహాచలం నుంచి తెచ్చి గుమాస్తా పూసేశాడు.

ఒళ్ళు మండిపోయింది. "ఇదేం పనయ్యా?" అని అరిచాను.

"మిషనుకి పేనం అక్కడే గదా బావా! అప్పన్న సందనం కూడా నీ మీటర్లో ఫెయిలైపోద్దేటి?" అన్నాడు, వరస లేకపోయినా అందరినీ బావా అనే ఆ గుమాస్తా.

నవ్వాగలేదు నాకు. ప్లగ్గు తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ పరీక్షించి చీటీ అంటించాను. "నీ బొట్టేదో ఈ చీటీ మీద పెట్టుకో, ఇంకెక్కడా వద్దు" అన్నాను. ఆనాటి నుంచి నేను సంతకం పెట్టడం, పక్కనే అతను బొట్టు పెట్టడం పద్ధతైపోయింది.

తర్వాతొకసారి అతను సెలవులో ఉండగా, వార్డు ఆఫీసు బల్ల మీది కొత్త ఫ్యానుకి చీటీ అంటించి వెళ్ళాను. సాయంత్రం వస్తే ఫ్యాను ఆగే ఉంది. ఉక్కపోతలో అట్టముక్కతో విసురుకుంటూ, బొట్టు లేని నా చీటీ చూపించి నర్సమ్మ అడిగింది.

"టెస్టు ఇంకా అవనేదేటండీ?"