రామి ఒళ్ళో మజ్జిగ చెంబు

పెద్దవంగర మండలంలో తారు రోడ్డు ఆగిపోయిన చోట రామి వాళ్ళ తండా మొదలవుతుందని కొత్తవాళ్ళు అనుకుంటారు. అక్కడ మొదలయ్యేవి బండరాళ్ళు. వాటి తర్వాత వాగు. వాగు దాటినాక మళ్ళీ బండరాళ్ళు, ఈసారి కాస్త పెద్దవి. తండా ఆ తర్వాత. ఆ దారిలో ఆటోలో పోయినవాడు దిగీదిగగానే పళ్ళు తడుముకొని చూసుకోవాలని బిక్షపతి అంటాడు. ఆయన స్టేషన్ ఘన్‌పూర్‌లో పాత బండ్లు ఇప్పించే మనిషి. మొన్నటి ఎండాకాలం రామి తనను ఎట్లా తిప్పిందో ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతాడు. నాకు తెలిసింది సగం ఆయన చెప్పిందే. మిగతా సగం రామి చెప్పింది. ఇద్దరి మాటల్లో పొంతన లేనిచోట నేను రామినే నమ్మాను. అబద్ధమాడినప్పుడు ఆమె కళ్ళు ముందే నవ్వుతాయి కాబట్టి నిజం ఏదో తేలిగ్గా తెలిసిపోతుంది.

రామిది అరవై దాటిన వయసు. భర్త వాల్యా, కొడుకు సురేందర్, కోడలు నవ్య, ఇద్దరు మనుమరాళ్ళు. జీవితంలో ఆమె చేసిన ప్రయాణాలన్నీ ట్రాక్టర్ డబ్బాలో పత్తి మూటల మీద, లేకపోతే ఆటో వెనక చెక్క మీద, వచ్చిన దారినే చూసుకుంటూ. ముందు సీటు మగవాళ్ళది. వాళ్ళు లేనప్పుడు వాంతులు చేసుకునే పిల్లలది. రామికి వాంతులు రావు. అదే ఆమె దురదృష్టం.

చిన్న మనుమరాలు కీర్తన కూడా పత్తి మీదే పుట్టింది. నొప్పులు మొదలైన రోజు వాగులో ఆటో ఆగిపోతే, నవ్యను పత్తి ట్రాక్టర్ ఎక్కించారు. కేసముద్రం మార్కెట్ యార్డు ముందు లారీల వరుసలో ఆ ట్రాక్టర్ ఇరుక్కుపోయింది. దవాఖాన ఇంకా దూరం ఉండగానే పిల్ల ఆగలేకపోయింది. బిడ్డను చేతుల్లోకి అందుకున్నదీ, అడ్డంగా చీరె కట్టిందీ, చుట్టూ చేరిన హమాలీలను తిట్టి తరిమిందీ రామి. బడిలో కీర్తన అని రాయించారు గానీ తండాలో ఆ పిల్ల పేరు ఇప్పటికీ పత్తే.

ఇప్పుడు నవ్యకు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. సెలవులకు పిల్లలను తీసుకొని భూపాలపల్లి జిల్లాలో రేగొండ దగ్గరి పుట్టింటికి పోయినామె అక్కడి నుంచి ఫోన్ చేసి మొగుడికి తేల్చి చెప్పింది.

"నేను మల్ల పత్తి మీద కనను. వానలు పడి వాగు రాకముందే బండి తే. మెత్తగ ఉండాలె, నీళ్ళల్ల ఆగొద్దు. తెస్తెనే వస్త. లేకుంటే ఈడనే ఉంట, పిల్లలను ఈడనే బడిల ఏస్త."

"తెస్త. మస్తు బండి చూసిన" అన్నాడు సురేందర్.

"నువ్వు చూసింది నేను నమ్మ. అత్త కూసోని చూడాలె. అత్త బాగున్నదంటెనే కొను."

నవ్య భయం ఊరికే పుట్టింది కాదు. సురేందర్ కరెంటు స్తంభాలు ఎక్కే పనిలో ఉంటాడు. పని మంచిగా చేస్తాడు గానీ, పైనున్నంతసేపూ కింద ఎవరైనా చూస్తున్నారా అని ఒక కన్ను అటు వేసి ఉంచుతాడు. ఇంతకుముందు మోటార్ సైకిల్ కొన్నప్పుడు బ్రేకులు చూడలేదు, హారన్ విన్నాడు. ఇప్పుడు ఆయన మనసు పడ్డది ఎర్ర జీపు. పైకప్పు లేదు, టైర్లు మనిషి నడుమంత ఎత్తు, ముందు వరుసగా లైట్లు. పెళ్ళికొడుకులను నిలబెట్టి ఊరేగించడానికి కిరాయికి పోయిన బండి అది.

దాన్ని బిక్షపతి తండా మొదట్లోకి తెచ్చి నిలిపాడు. రామి ఇంట్లోకి పోయి, ఇత్తడి చెంబు నిండా మజ్జిగ పోసుకొని వచ్చింది.

"దాహమైతే నీళ్ళ సీసా ఉన్నది అవ్వా" అన్నాడు బిక్షపతి.

"తాగనీకి కాదు బిడ్డా. బండికి."

రామి తండ్రి ఎడ్లు కొనేటప్పుడు పళ్ళు చూసేవాడు, సుడులు చూసేవాడు. అన్నీ అయ్యాక బండి కట్టించి, చిన్న రామిని ఎక్కించి, ఆమె ఒళ్ళో నిండు చెంబు పెట్టేవాడు. చుక్క ఒలికితే బేరం లేదు. ఎడ్ల నడక చెంబు చెప్తుందనేవాడు. అట్లా ఎన్ని జతల నడక చూసిందో రామికే గుర్తులేదు. ఎడ్లు నచ్చాక తండ్రి ముందు కూర్చుని తోలుకొని పోయేవాడు. రామి దిగి, వెనక నడిచి వచ్చేది.

ఎర్ర జీపు మొదటి బండరాయి ఎక్కగానే మజ్జిగ చెంబు విడిచి లేచింది. రెండో రాయికి రామి కూడా లేచింది. తారు రోడ్డు చేరేసరికి, ముందు కూర్చుని తోలుతున్న సురేందర్ చొక్కా వెనక నుంచి తెల్లబడింది.

"గీ బండ్ల పెండ్లికొడుకులు ఎందుకు నిలవడుతరో ఇప్పుడు తెలిసింది" అన్నది రామి. "కూసుంటే ఎవడూ పెండ్లికి పనికిరాడు."

రెండోది తెల్ల బండి. ఎవరో పెద్దమనిషి వాడింది, లోపల సోఫా గుడ్డలు, చల్లగాలి. తారు మీద పెరుగు పోసినా ఒలకదు. కానీ పొట్ట కిందికి ఉంది. వాగులోకి దిగేచోట రాయికి ఆనుకొని, నాలుగు కాళ్ళూ గాల్లో పెట్టిన తాబేలులా ఆగింది. రామి లోపల చల్లగాలికి కళ్ళు మూసుకొని కూర్చుంది. బయట ముగ్గురు మగవాళ్ళు ఎండలో తోశారు. వాల్యా తోస్తూ తోస్తూ అద్దం తట్టి, "నువ్వు దిగితే జర అలకగైతది" అన్నాడు.

"నేను పరీక్షల ఉన్న. ఒలుకుతది" అని రామి చెంబు చూపించింది.

ఇక్కడి నుంచి రామికి రుచి తగిలింది. తర్వాత వచ్చిన బండ్లను వాగు దాకా చూసి ఊరుకోలేదు. "కడుపుతోని ఉన్న పిల్లకు దూరం పోయినా నడుము పట్టొద్దు. దూరం చూడాలె" అన్నది. ఒక బండిలో కేసముద్రం పోయి చెల్లెలు జమ్లీని చూసి వచ్చింది. ఇంకో బండిలో ములుగు దాకా పోయింది. "గట్టమ్మను అడగకుంట బండి ఎవరు కొంటరు బిడ్డా?" అంటే బిక్షపతి కాదనలేకపోయాడు. ఆ దారిన పోయే ప్రతి బండీ ఆ అమ్మవారి గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టేదే. రాళ్ళ పరీక్ష వెనక సీట్లో చేసేది, దూరం పరీక్ష మాత్రం ముందు సీట్లో, అద్దం దించి, మోచేయి బయట పెట్టి. తిరిగొచ్చాక ప్రతి బండికీ ఒక వంక. ఒకదాని సీటు గుచ్చుతుంది. ఒకదానికి వాసన. ఇంకొకదాని హారన్ పక్కింటి ముసలాయన దగ్గులాగ ఉంది.

"అన్నా, డీజిల్ నీదేనా?" అని సురేందర్ అడిగితే, "డీజిల్ నాదే, దేవుడి దర్శనాలు మీ యాడియి" అన్నాడు బిక్షపతి. తండాలో తల్లిని యాడి అంటారు.

ఇంతలో మబ్బులు పట్టాయి. ఎగువన ఎక్కడో కురిసి వాగులో తడి కనిపించింది. నవ్య రోజూ ఫోన్‌లో అదే అడిగేది, బండి దొరికిందా అని. బడులు తెరిచే వేళయింది. పుట్టింటి దగ్గర బడిలో సీట్లున్నాయని కూడా ఒకరోజు చెప్పింది. సురేందర్‌కు ఆ రోజు అన్నం సగమే పోయింది.

అప్పుడు బిక్షపతి ఒక బండి తెచ్చాడు. రంగు చూస్తే బురదలో పడుకొని లేచిన బర్రెలాగ ఉంది. గనుల దగ్గర కొలతలు తీసేవాళ్ళు వాడిన జీపు. వెనక తలుపు రెండుసార్లు కొడితేగానీ పడదు. కానీ పొట్ట ఎత్తు, సీటు వెడల్పు, కింద కుదుపు ఆపే పట్టీలు కొత్తవి. గేరు కర్ర పక్కన ఇంకో చిన్న కర్ర ఉంది. అది లాగితే నాలుగు చక్రాలకూ బలం వస్తుంది. సురేందర్ దాన్ని చూసి మొహం ముడుచుకున్నాడు గానీ, వాగు ఇసుకలో ఆ చిన్న కర్ర లాగినాక దాన్ని అరచేత్తో తడిమాడు. బండి ఇసుకను పట్టించుకోలేదు. రాళ్ళ మీద ఊగిందే గానీ ఎగరలేదు.

తారు రోడ్డు చేరినాక వెనక్కి తిరిగి, "యాడీ, ఎట్లున్నది?" అన్నాడు.

రామి చెంబు వంచి చూపించింది. సగం ఖాళీ.

"చూడు, సగం పోయె. గిది గూడ పనికిరాదు. రేపు ఇంకోటి తెమ్మను. జనగామ దిక్కు చూద్దాం, అటు పోనే లేదు."

సురేందర్ స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. తర్వాత నవ్యకు వీడియో కాల్ కలిపి, ఫోన్ తల్లి చేతికి ఇచ్చాడు. ఇక నువ్వే చెప్పుకో అన్నట్టు.

"గిది గూడ ఒలికింది బిడ్డా" అన్నది రామి.

నవ్య ఫోన్ దగ్గరికి తెచ్చుకొని చూసింది. చాలాసేపు చూసింది.

"అత్తా, చీరె చూపియ్యి."

రామి చూపించింది. పొడిగా ఉంది.

"ఒలికితే చీరె మీద ఉండాలె గద. మీసాల మీద ఎట్లున్నది?"

రామి పైపెదవి మీద మజ్జిగ తెల్లగా ఆరిపోయి ఉంది. అది మొదట బిక్షపతి చూశాడు. ఆయన నవ్వు ఆపుకోవడానికి బండి దిగి టైరు చూస్తున్నట్టు కూర్చున్నాడు. సురేందర్‌కు నవ్వు రాలేదు. "యాడీ!" అని అరవబోతే, "నువ్వాగు" అన్నది నవ్య ఫోన్‌లోంచి. "అత్తా, నువ్వు అటు చెట్టు దిక్కు పో. మనమిద్దరం మాట్లాడుదాం."

రామి పోయింది. నాలుగడుగులు వెనక కొడుకు కూడా పోయాడు, విననట్టు.

"ఎందుకు తాగినవ్?"

"ఎండ కొట్టింది."

"అత్తా."

రామి కొంగుతో మూతి తుడుచుకుంది. "గీ బండి కొన్నంక లెక్క చూడు. మీ మామకు మోకాళ్ళు, ఆయన ముందట కూసుంటడు. నడిమిట్ల నువ్వు, పిల్లలు, పుట్టేటోడు. నేనేడ? ఎనక బియ్యం బస్తాల మీద. లేకుంటే మేకల కాడ. గిప్పుడైతే అందరు అవ్వా ఎటు పోదాం, అవ్వా ఎటు పోదాం అంటున్నరు. కొన్నంక ఎవరడుగుతరు?"

పత్తి మూటల మీద తన తలను ఒళ్ళో పెట్టుకొని, హమాలీలను తిట్టిన గొంతు ఇదేనని నవ్యకు గుర్తొచ్చి ఉంటుంది.

"ముందు సీటు నీదే" అన్నది. "మామకు మోకాళ్ళు నొస్తే కాళ్ళు చాపుకొని ఎనక కూసుంటడు. నేను చెప్త. ఇప్పుడు నిజం చెప్పు. బండి ఎట్లున్నది?"

"ఒక్క చుక్క ఒలకలె బిడ్డా. రాళ్ళ మీద గూడ. గందుకే భయమైంది."

బండి కొన్నారు. నవ్యను తీసుకురావడానికి పోయేనాటికి వాన పడనే పడింది. గట్టమ్మ దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టారు. ఈసారి బిక్షపతి డీజిల్ కాదు కాబట్టి రామి తొందరగానే ముగించింది. తిరుగు ప్రయాణంలో నవ్య నడిమి సీట్లో కాళ్ళు చాపుకొని కూర్చుంది. పిల్లలిద్దరూ తాతతో వెనక. ముందు సీట్లో రామి, మోచేయి బయట. దారిపొడుగునా వాల్యా, "నా మోకాళ్ళు, నా మోకాళ్ళు" అని గొణిగాడు. "పరీక్షల ఉన్నవ్, ఊకో" అన్నది రామి.

వాగు వచ్చింది. నీళ్ళు చక్రాల సగం దాకా ఉన్నాయి. నవ్య తన పుట్టింటి నుంచి తెచ్చిన మజ్జిగను ఇత్తడి చెంబులో నిండా పోసుకొని పొట్ట మీద పెట్టుకుంది.

"ఇప్పుడెందుకు? కొన్నం గద" అన్నాడు సురేందర్.

"నేను గూడ చూడొద్దా?"

సురేందర్ చిన్న కర్ర లాగాడు. బండి నీళ్ళలోకి దిగి, ఏ తొందరా లేని బర్రెలాగే నడిచి, అవతలి గట్టు ఎక్కింది. అందరూ ఊపిరి వదిలేలోపు టప్పుమని మజ్జిగ ఒలికి నవ్య చీరె తడిసింది. సురేందర్ బ్రేక్ వేశాడు. అద్దంలో పెళ్ళాం మొహం చూడలేక తల్లి వైపు చూశాడు.

రామి వెనక్కి తిరిగి కోడలి పొట్టను, చెంబును, మళ్ళీ పొట్టను చూసింది.

"బండిని ఏమనకు. లోపటోడు తన్నిండు."

"అవునత్తా" అన్నది నవ్య, నవ్వుతూ.

"మిగిలింది ఇటియ్యి."

రామి చెంబు అందుకొని, కొడుకు, మొగుడు, మనుమరాళ్ళు అందరూ చూస్తుండగా గటగటా తాగింది. ఈసారి మీసాలు తుడుచుకోలేదు.