కొసరు లేని అరవై మిల్లీలీటర్లు

గత నెలలో ఉప్పల్ మెట్రో స్టేషను మెట్లు దిగుతుండగా గోడమీద ఒక కాగితం కనిపించింది: బార్‌టెండర్ శిక్షణ, తొంభై రోజులు, అనుభవం అవసరం లేదు. నా ఈడువారు చూసి నవ్వుకొని ఉంటారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఏ అనుభవమూ లేకుండా ఆ పనిలో చేరి, ఇరవై మూడో రోజున బయటపడ్డవాణ్ణి నేను.

అది 1967. మద్యనిషేధం అమలులో ఉన్న కోస్తా జిల్లా నుంచి, సీసా మూత తీయడం కూడా తెలియని ఇరవై రెండేళ్ల నేను, అప్పటికే ఉప్పల్‌లో కాపురముంటున్న మా పెదనాన్న సిఫారసుతో, కార్ఖానాలు ఒక్కొక్కటే లేస్తున్న నాచారంలో ఒక బారులో చేరాను. నెల నిలబడితే పని ఖాయం, లేదా ఊరికి తిరుగు ప్రయాణం అని యజమాని ముందే చెప్పారు. పెగ్గు కొలిచే చిన్న స్టీలు కప్పు చేతికిచ్చి, అంచుదాకా నింపితే అరవై మిల్లీలీటర్లని నేర్పినవారు, పదకొండేళ్లుగా ఆ పనిలోనే ఉన్న పెద్దాయన. అందరికీ ఆయన అన్న. ఆ కొలతను నేను శాసనంగా తీసుకొని, మొదటి వారమంతా నీళ్లతో సాధన చేసి, చుక్క తొణకకుండా, చుక్క తగ్గకుండా పోయడం నేర్చుకున్నాను.

అన్న మాత్రం కప్పు నిండకముందే గ్లాసులోకి వంచి, ఆ వెంటనే సీసాను జానెడు ఎత్తుకు లేపి సన్నని ధార వదిలేవారు. అది కొసరు. షిఫ్టు దిగి వచ్చిన కార్మికుల కళ్లన్నీ ఆ ధార మీదే.

నా గ్లాసు చూసి మాత్రం ముఖాలు మాడ్చుకునేవారు. "ఏంది బావా, దవాఖానల మందు పోసినట్టు పోస్తున్నవ్? కొసరేది?" అని ఒకరు, "మీ దిక్కు కొసరు గిట్ల ఉండదా?" అని మరొకరు. పదహారో రోజుకు నా వైపు బల్లలు ఖాళీ. నేను మిగుల్చుకొని తాగుతున్నానేమోనని యజమాని అందరి ఎదుట నా నోరు తెరిపించి వాసన చూశారు. ఆ మంట యాభై ఏళ్లు దాటినా చల్లారలేదు.

రోజూ వచ్చేవారిలో, కార్ఖానా ప్రయోగశాలలో పనిచేసే ఒకాయన ఉండేవారు. ఆయనను బతిమాలి, గీతలున్న గాజు కొలజాడీ తెప్పించాను. ఇరవై రెండో రోజు సాయంత్రం అన్న పోసిన గ్లాసునూ, నేను పోసిన గ్లాసునూ ఒకదాని తర్వాత ఒకటి అందులో వంచాను. నాది అరవై. అన్న పోసింది, కొసరుతో కలిపి, యాభై రెండు. గీతలు చదివి గట్టిగా చెప్పినవారు ఆ ప్రయోగశాల ఆయనే.

అందరూ జాడీలోకి తొంగి చూశారు. తర్వాత నవ్వులు. "గా జాడీల ఎంతుంటే మాకేంది తమ్మీ? అన్న ప్రేమతోని పోస్తడు, నువ్వు లెక్కతోని పోస్తవ్," అన్నాడొకడు. అన్న కనీసం తల వంచుకోలేదు. "జర నేర్చుకో తమ్మీ" అని నా భుజం తట్టారు. మర్నాడు యజమాని నన్ను పని మానిపించారు. పెట్టె పట్టుకొని బయటికి వస్తుంటే, ప్రయోగశాల ఆయన అన్న ముందు గ్లాసు చాపి నిలుచున్నారు: "అన్నా, జర కొసరు."

ఇప్పుడు బార్లలో సీసా మూతికే కొలిచి పోసే బిరడా బిగిస్తారట, కొసరు అడిగేవారే లేరట. నేను కోరుకున్నది అదే కనుక సంతోషించాలి. సంతోషం రావడం లేదు. ఎనిమిది మిల్లీలీటర్లు తెలిసి తెలిసి వదులుకొని ఆ మనుషులు అన్న దగ్గర పొందినదేమిటో, దాన్ని ఏ జాడీలో కొలవాలో నాకు నేటికీ తెలియదు. ఆ కోపం మాత్రం ఇక ఎవరి మీదో కాదు, నా మీదే.