పొలంలో రాగి చెంబు

శనివారాలు నేను మెటల్ డిటెక్టర్ పట్టుకుని పొలాల్లో తిరుగుతాను. ఇక్కడ అమెరికాలో, మా ఊరు ఆష్‌బర్న్ దాటాక ఒక ముసలాయన తన పొలంలో వెతుక్కోమన్నాడు. పాతకాలం వెండి నాణేలు దొరుకుతాయని నా ఆశ. దొరికేవేమో సోడా డబ్బాల రింగులు, తుప్పు పట్టిన మేకులు. రింగు దొరికిన ప్రతిసారీ పైకే తిట్టేస్తాను.

ఇంట్లోనూ నా నోరు ఊరుకోదు. మా ఆయన ఇళ్ల ఫోటోలు చూపించినప్పుడల్లా, "గ్రీన్‌కార్డ్ రాకుండా ఇల్లేంటండీ? రేపు పొమ్మంటే నెత్తిన పెట్టుకుని పోతామా?" అని ఎగిరేదాన్ని.

ఆ రోజు పొలం చివర మిషన్ గట్టిగా కూసింది. మోకాళ్ల మీద కూర్చుని తవ్వితే, జానెడు లోతులో చిన్న రాగి చెంబు. నిధే అనుకున్నాను. మట్టి దులిపి చూస్తే లోపల లక్ష్మీదేవి వెండి బిళ్ల, రెండు రూపాయి నాణేలు, మొలకెత్తి ఎండిపోయిన నవధాన్యాలు.

తలెత్తి చూశాను. ఇంటి జాగాకి హద్దులుగా నాలుగు కర్రలు, వాటికి ఎర్ర రిబ్బన్లు. నేను కూర్చున్నది సరిగ్గా ఈశాన్యం మూల. చివర కొంత అమ్మేశానని ముసలాయన చెప్పనే చెప్పాడు, నేనే పట్టించుకోలేదు. ఎవరో మనవాళ్లు కొనుక్కుని భూమిపూజ చేసుకున్నారు. నాకున్న భయాలు వాళ్లకీ ఉండే ఉంటాయి. అయినా పూజ చేశారు.

సిగ్గేసింది. చెంబుని ఉన్నచోటే పెట్టి, మట్టి కప్పి, దణ్ణం పెట్టుకున్నాను. కార్‌లో కూర్చుని మా ఆయనకి ఫోన్ చేశాను.

"ఏమండీ, ఆ ఇళ్ల ఫోటోలు డిలీట్ చేసేశారా?"